చెట్టు మొదట్లో సిమెంటు వద్దు, పాదు వదలండి

సంపాదకుల వారికి,

చెన్నైలో కొత్తగా ప్లాట్‌ఫారం (కాలిబాట) వేసిన వీధుల్లో చాలాచోట్ల టైల్స్‌ను చెట్టు బెరడుకు ఆనించి పరిచి, మిగిలిన సందులో సిమెంటు పూసి వెళ్లిపోతున్నారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది గానీ, చెట్టుకు అది మెడకు బిగించిన తాడే. నీళ్లు పీల్చే సన్నవేళ్లు చాలామటుకు పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వాటికి నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. పేవర్ బ్లాకుల సందుల్లోంచి వాన దిగుతుంది కదా అంటారు. కింద నాలుగంగుళాల కాంక్రీటు బెడ్ పోశాక ఇక దిగేదెక్కడికి? మాను లావెక్కే కొద్దీ సిమెంటు అంచు బెరడును కోస్తుంది, ఆ గాయంలో తడి చేరి కుళ్లు మొదలవుతుంది. చెట్టు మొదట్లో పలకల్లాంటి గట్టి పుట్టగొడుగులు కనిపించాయంటే లోపల కలప పుచ్చుతున్నట్టే. పైన ఆకు పచ్చగానే ఉంటుంది గనుక ఎవరూ పట్టించుకోరు. 2016 డిసెంబరు 12న వర్దా తుపానుకు నగరంలో వేల చెట్లు కూలాయి. ఆ నష్టమంతా గాలి ఖాతాలోనే రాసేస్తే ఎలా? వేళ్లకు పట్టులేని చెట్టు అంతకన్నా చిన్న గాలికే ఒరుగుతుంది.

నగరానికి ఏడాదిలో పడే వానలో సుమారు 60 శాతం అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. కాబట్టి సిమెంటు తీసి పాదు చేసే పని సెప్టెంబరులోగా అయిపోవాలి. మాను నుంచి ఒక మీటరు దూరంలో సుద్దతో గీత గీయండి. ప్లాట్‌ఫారం ఇరుకైతే గుండ్రటి పాదు బదులు రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవుతో దారి వెంబడి పాదు తీయవచ్చు. బ్లాకులను బయటి అంచు నుంచి గడ్డపారతో లేపాలి. కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ యంత్రాన్ని చెట్టు దగ్గరికి తేవద్దు. చివరి అడుగు మేర ఉలి, సుత్తే వాడాలి. బెరడుకు అతుక్కున్న ముక్కను లాగితే బెరడూ ఊడి వస్తుంది, చిన్నగా కొట్టి పొడి చేయాలి. మట్టిని మూడంగుళాలకు మించి గుల్ల చేయకండి, వేళ్లు తెగుతాయి. పైన రెండంగుళాల మందాన కంపోస్టు, ఎండుటాకులు వేసి, మాను చుట్టూ బెత్తెడు ఖాళీ ఉంచండి. పాదు ప్లాట్‌ఫారం కన్నా రెండంగుళాలు పల్లంగా ఉంటేనే వాన లోపలికి వస్తుంది. మట్టిని మానుకు ఎగదోస్తే మళ్లీ కుళ్లే.

కాలువకో కేబుల్‌కో తవ్వేటప్పుడు మాను మందానికి మూడింతల దూరం లోపల ట్రెంచ్ తీయకూడదు. అడుగు మందం చెట్టుకు మూడడుగులన్నమాట. ఒక పక్క లావు వేళ్లు తెగితే చెట్టు రెండో పక్కకు ఒరుగుతుంది.

2013లో ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రైబ్యునల్, వాటి చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించమని ఆదేశించింది. ఇక్కడా ప్లాట్‌ఫారం టెండర్లలో ఆ కొలత రాసి, పాదులు కొలిచాకే బిల్లు పాస్ చేయాలి.

వానలకు ముందు కొమ్మలు కొట్టేవారికి ఇంకొక్క మాట. ఎండుకొమ్మ కింది వైపున రెండంగుళాలైనా లేని గుండ్రటి తొర్ర కనిపిస్తే అది కంసాలి పిట్టది కావచ్చు. గుడ్లు పెట్టేదీ, రాత్రిళ్లు పడుకునేదీ అందులోనే. కొమ్మ రోడ్డు మీదికి వేలాడకపోతే వదిలేయండి. వేలాడితే తొర్రకు అవతలగా కోసి, ఆ మొద్దును చెట్టునే ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కోడంబాక్కం, చెన్నై