దుప్పట్లు కాదు మామా, బడ్జెట్‌లో పద్దు కావాలి

మామా,

వదినా పిల్లలూ కులాసానే కదా? మొన్న ఫోన్లో మొదలుపెట్టిన సంగతి మధ్యలోనే ఆగిపోయింది. "ఇల్లు లేనోళ్ళకి ఇందిరమ్మ ఇళ్ళు ఇస్తున్నరు గదా, ఇంకేం కావాలె?" అన్నావు. దానికి జవాబు రెండు ముక్కల్లో తేలదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ఇందిరమ్మ ఇళ్ళు మంచి పథకమే, కాదనను. నియోజకవర్గానికి 3,500 చొప్పున నాలుగు లక్షలకు పైగా ఇళ్ళు, ఇంటికి 5 లక్షలు. చిన్న విషయం కాదు. అయితే మొదటి విడతలో సొంత జాగా ఉన్నవాళ్ళకే అన్నారు. రేషన్ కార్డూ ఉండాలి. ఆసుపత్రి ప్రహరీగోడ పక్కన పడుకునే మనిషికి జాగా ఎక్కడిది, కార్డెక్కడిది? ఇల్లు ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో, వాళ్ళు దరఖాస్తు దాకా కూడా రాలేరు.

చలికాలంలో ఒక రాత్రి, దుప్పట్లు పంచేవాళ్ళతో కలిసి సికింద్రాబాద్ స్టేషన్ వైపు వెళ్ళాను. ఒక పెద్దమ్మకి దుప్పటి ఇవ్వబోతే వద్దంది. "పొద్దుగాల దాక ఉంటదా బిడ్డా, ఎవడో ఒకడు గుంజుకపోతడు. నా సంచి పెట్టుకోను ఇంత జాగ ఉంటే చూడు" అంది. ఆ సంచిలో ఏముందో చూపించింది. రెండు చీరలు, ఒక స్టీలు గ్లాసు, పాలిథిన్ కవర్లో నాలుగు మడతలు పెట్టిన ఆధార్ జిరాక్సు. అసలు కార్డు నిద్రలో ఎవరో కొట్టేశారట. పనికి పోదామంటే సంచి ఎవరు చూస్తారు? పోకపోతే తిండెలా? భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు కిరాయి బాకీ పడింది, ఆయన పోయాక ఓనరు గది ఖాళీ చేయించాడు. రెండు మూడు నెలల కిరాయి మామా, అంతే! ఆ డబ్బు ఆ రోజుల్లో ఎవరైనా సర్ది ఉంటే ఆమె ఇవాళ ఫుట్‌పాత్ మీద ఉండేది కాదు. ఒక్కసారి రోడ్డున పడ్డాక మనిషిని మళ్ళీ గదిలోకి చేర్చాలంటే కార్డులు కావాలి, మందులు కావాలి, పని కావాలి, నమ్మి గది ఇచ్చే ఓనరు కావాలి. పడకముందు ఆదుకుంటే ఇందులో పదో వంతు కూడా ఖర్చు కాదని నా గట్టి నమ్మకం.

సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఆహార హక్కు కేసులో, జనాభా 5 లక్షలు దాటిన నగరాల్లో లక్ష మందికి ఒకటి చొప్పున ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే షెల్టర్ ఉండాలని, అదీ చలికాలం నాలుగు రోజులు కాదు, ఏడాది పొడుగునా, రాత్రింబవళ్ళు తెరిచి ఉండాలని. 2011 లెక్కల్లో జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షలు. అంటే 67 షెల్టర్లు ఉండాలి. అందులో సగం కూడా లేవు. అదే జనగణనలో దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది నిరాశ్రయులని తేలింది, మన ఉమ్మడి రాష్ట్రంలోనే 1.45 లక్షలు. ఒక్క రాత్రి లెక్క అది. ఆ రాత్రి ఎవరి కంటా పడనివాళ్ళు ఎందరో.

ఇక డబ్బు సంగతి. 2013లో కేంద్రం పథకం, పట్టణ జీవనోపాధి మిషన్ వచ్చాక షెల్టర్లకి కేంద్రం, రాష్ట్రం కలిసి ఇచ్చాయి. 50 మంది ఉండే షెల్టర్ నిర్వహణకి ఏడాదికి 6 లక్షలు. భాగించి చూడు, మనిషికి రోజుకు 33 రూపాయలు కూడా పడదు. కరెంటు, నీళ్ళు, కేర్‌టేకర్ జీతం, సబ్బు, ఫినాయిల్, అన్నీ అందులోనే. అదీ ఐదేళ్ళే. ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో తీరిపోయింది. ఇప్పుడు భారమంతా మున్సిపాలిటీల మీద పడుతుంది. కాంట్రాక్టర్ల బిల్లులకే వెతుక్కునే మున్సిపాలిటీ ముందు ఎక్కడ కోత పెడుతుందో నీకు నేను చెప్పాలా? ఓటరు జాబితాలో పేరు లేనివాళ్ళ దగ్గరే.

అందుకే రాష్ట్ర బడ్జెట్‌లో నిరాశ్రయుల కోసం విడిగా ఒక పద్దు ఉండాలంటున్నాను. మున్సిపల్ శాఖ పెద్ద మొత్తంలో కలిపేసి "అందులోనే ఉంది" అంటే కుదరదు. ఎంత కేటాయించారు, ఎంత విడుదలైంది అని రేపు అసెంబ్లీలో ఎవరైనా అడగాలంటే దానికంటూ ఒక పేరుండాలి. ఉన్న షెల్టర్లు నడవడానికి, కొత్తవి కట్టడానికి అందులోంచే ఇవ్వాలి. ఆడవాళ్ళకి, మతి స్థిమితం లేనివాళ్ళకి వేరేగా ఉండాలి, అందరినీ ఒకే హాల్లో కుక్కితే వాళ్ళు మళ్ళీ రోడ్డు మీదికే పోతారు. ఆ పెద్దమ్మ లాంటివాళ్ళకి గది పోకముందే కిరాయి సాయం చేసే నిధి కూడా అందులోనే ఉండాలి. నన్నడిగితే అన్నిటికంటే ముందు పెట్టాల్సింది అదే.

సాధ్యమా అంటావేమో. కేరళ చూడు. 2021లో మొదలుపెట్టి 64,006 అతి పేద కుటుంబాలను గుర్తించారు, ఏ కుటుంబానికి ఏం కావాలో విడివిడిగా ప్రణాళిక రాశారు, కార్డులు లేనివాళ్ళకి ముందు కార్డులు ఇప్పించారు. 2025 నవంబరు 1న అతి పేదరికం పోయిందని ప్రకటిస్తే విమర్శించినవాళ్ళూ ఉన్నారు, ఉండనీ. పేరు పేరునా వెతికి డబ్బు కేటాయించారు కదా, ఆ పద్ధతి మనకి కావాలి.

ఇప్పుడు నీతో పని. ఫిబ్రవరి, మార్చిల్లో బడ్జెట్ పెడతారు, కానీ శాఖల ప్రతిపాదనలు చాలా ముందే పోతాయి. మీ ఎమ్మెల్యే గారు నీ మాట వింటారు. ఇప్పుడే కలిసి ప్రతిపాదనల్లో పెట్టించమను, పద్దుల మీద చర్చ వచ్చినప్పుడు సభలో లేచి అడగమను. వెళ్ళే ముందు ఒక రాత్రి పదకొండు దాటాక ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల, వరంగల్ స్టేషన్ దగ్గర తిరిగి చూడు. ఎంతమంది ఉన్నారో, ఎందుకొచ్చి పడ్డారో కొందరినైనా అడిగి రాసుకో. మీ ఊరి లెక్క నీ నోట్లోంచి వస్తే ఆయన కాదనలేడు. వినతిపత్రం నేను రాసి పంపుతా, ఆయన ఏ రోజు రమ్మంటే ఆ రోజు నేనూ బస్సెక్కి వస్తా. తారీఖు ఖాయం కాగానే ఒక ఫోన్ కొట్టు.

వదినకి నా నమస్కారాలు చెప్పు.

ఉంటా మామా.