రెండు, ఒకటి, మళ్ళీ రెండు

హైదరాబాద్,
11 ఆగస్టు 2024, ఆదివారం

ఒసేయ్ బుజ్జీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది. కోపంగా ఉన్నావని తెలుసు. తప్పు నాదే, క్షమించవే. మూడుసార్లు కాగితం తీసి కూర్చున్నాను, మూడుసార్లూ తారీఖు దగ్గరే ఆగిపోయాను. పెద్ద విషయం ఏదైనా సరే ఫోన్లో చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం కదా, ఆ ఒట్టు కోసం వారం నుంచి నోరు కట్టేసుకున్నాను. ఇంక నావల్ల కాదు.

మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తాను. బాబుకు అన్నప్రాసన అయింది, పుస్తకం కాదని పూలదండ లాక్కున్నాడు. అమ్మ ఇంకా నా దగ్గరే ఉంది, మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. ఈయనకు నైట్ షిఫ్టులు తప్పాయి. నీ చీరకు ఫాల్ ఇంకా వేయించలేదు. అంతే.

ఇప్పుడు అసలు సంగతి.

జూన్ మధ్యలో నేను మళ్ళీ డ్యూటీలో చేరాను కదా. ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలూ అయిపోయాయి, బాబుకు సరిగ్గా ఐదు నెలలు. ఇల్లు ఆటోలో పది నిమిషాలే కాబట్టి పగలు రెండుసార్లు వచ్చి పాలిచ్చి వెళ్ళేదాన్ని. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు అలా వెళ్ళే హక్కు ఉందని నువ్వే చెప్పావు, ఆ ధైర్యంతోనే అడిగాను, మా మేనేజర్ కాదనలేదు. దాంతో నా పని నడిచిపోయింది. మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు బుజ్జీ.

జులైలో ఒకరోజు కుండపోత వాన. రోడ్డంతా నీళ్ళు, ఒక్క ఆటో లేదు. మధ్యాహ్నం రెండున్నరకల్లా రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి, చెయ్యి ఎత్తితే చంకదాకా సలుపు, జాకెట్టు తడిసిపోయింది. పైట నిండా కప్పుకుని మా ఫ్లోర్‌లో ఆడవాళ్ళ బాత్‌రూమ్‌కి పరుగెత్తాను. అక్కడ వాష్‌బేసిన్ మీదకు వంగి ఒక అమ్మాయి నిలబడి ఉంది. హౌస్‌కీపింగ్‌లో చేసే అమ్మాయి, పేరు రాయను, పాలమూరు వైపు నుంచి వచ్చి మా ఆఫీసు వెనక బస్తీలో ఉంటోంది. పళ్ళు బిగబట్టి పాలు పిండి బేసిన్‌లో పోస్తోంది. పక్కనే ఫినాయిల్ బకెట్టు. నన్ను చూసి గబుక్కున కుళాయి తిప్పేసింది. తెల్లగా ఒక చార బేసిన్ చుట్టూ తిరిగి రంధ్రంలోకి పోయింది. ఆ చార ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

"ఏం జేయమంటరు మేడమ్, నొప్పి లేస్తది. పిండేస్తే గానీ చీపురు పట్టరాదు" అంది.

బిడ్డకు ఎన్ని నెలలని అడిగాను. మూడో నెలట. ఆడపిల్ల. కాన్పైన రెండు నెలలకే పనిలోకి వచ్చేసింది. ఇంట్లో అత్త చూసుకుంటోంది, ప్యాకెట్ పాలల్లో నీళ్ళు కలిపి సీసాతో పడుతోంది, నెల తిరక్కుండా రెండుసార్లు నీళ్ళ విరేచనాలయ్యాయట. అంటే అక్కడ బిడ్డకు నీళ్ళు కలిపిన పాలు, ఇక్కడ తల్లిపాలేమో బేసిన్ పాలు. నాకు నోట మాట రాలేదు. నా నొప్పి సంగతే మరిచిపోయాను.

ఆ రాత్రి బాబుకు పాలిస్తూ మా ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా అక్కను తలుచుకున్నాను. నీకు ఆ కథ సగమే చెప్పాను. ఆపరేషన్ అయ్యాక నాకు నాలుగు రోజులు పాలు పడలేదు. ఆసుపత్రిలో రెండో రోజే డబ్బా పాలు చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక పథ్యం, వెల్లుల్లి కారంతో నాలుగు ముద్దలు, గొంతు ఎండిపోతున్నా బాలింతకు నీళ్ళు ఎక్కువ పనికిరావని కొలిచి ఇవ్వడం. బాబు ఏడుపు, నా ఏడుపు, చూడవచ్చిన ప్రతి ఒక్కరూ "పాలు చాలట్లేదు, డబ్బా పట్టండి" అనడం. ఏడో రోజు ఆశా అక్క వచ్చింది. ఆసుపత్రిలో కాన్పయినా సరే నలభై రెండు రోజుల్లో ఆరుసార్లు వాళ్ళు ఇంటికి రావాలి కదా, ఆ లెక్కలో. నన్నేమీ అనలేదు. ముందు చెంబుడు నీళ్ళు తెప్పించి తాగించింది. దాహమేస్తే తాగాలి, పప్పూ ఆకుకూరా కడుపునిండా తినాలి అని అమ్మకు నచ్చజెప్పింది. తర్వాత నా వీపు వెనక దిండు పెట్టి, బిడ్డ పొట్ట నా పొట్టకు ఆనేలా తిప్పి, ముక్కు చనుమొనకు ఎదురుగా పెట్టి ఆగమంది. వాడు ఆవులించినట్టు నోరు బాగా తెరిచాకే దగ్గరకు తీసుకోమంది. గడ్డం రొమ్ముకు తగలాలి, మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి. అంతేనే! అప్పటిదాకా వాడు మొన కొసను పట్టుకుని లాగుతున్నాడు, అందుకే నాకు పుళ్ళు, వాడికి ఆకలి. ఆ పూట మొదటిసారి గుటక చప్పుడు విన్నాను. "రోజుకు ఆరుసార్లు ఉచ్చ పోస్తున్నాడా, పాలు చాలుతున్నట్టే. మొదటి వారంలో కాస్త బరువు తగ్గుతారు, రెండు వారాలకల్లా మళ్ళీ పుంజుకుంటారు, భయపడకు" అంది. డబ్బా అటక ఎక్కింది. ఆమె ఆ రోజు రాకపోతే నేనూ మా వాడికి సీసాయే పట్టేదాన్ని. చేత్తో పాలు పిండుకోవడం కూడా ఆమే నేర్పింది.

మర్నాడు ఆ అమ్మాయిని మా రికార్డు రూమ్‌లోకి తీసుకెళ్ళి అదే చూపించాను. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కాసేపు కప్పాలి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి భాగం అంచున పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి అప్పుడు రెండు వేళ్ళనూ దగ్గరకు తేవాలి. వేళ్ళు జారనివ్వకూడదు. ఆమె రాపాడి లాగుతోంది, అందుకే అంత నొప్పి. మరిగించిన స్టీలు డబ్బాలో పట్టి మూత పెట్టాలి. "ఇవి దాపెట్టి తాపొచ్చా మేడమ్?" అంది ఆశ్చర్యంగా. బయట నాలుగు గంటలు ఉంటాయి, ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రం ఇంటికి పట్టుకుపోవచ్చు అన్నాను. అన్నాక గానీ తట్టలేదు, ఫ్రిజ్ ప్యాంట్రీలో ఉంది, ప్యాంట్రీ ఫ్రిజ్‌లో హౌస్‌కీపింగ్ వాళ్ళ వస్తువులు పెట్టనివ్వరు. రికార్డు రూమ్‌కు గడియ కూడా లేదు. ఆ తర్వాత రెండు వారాలు నేను తలుపు బయట ఫైలు పట్టుకుని కాపలా నిలబడేదాన్ని. ఎవరైనా వస్తుంటే తలుపు మీద తట్టేదాన్ని. ఎలాగో చెప్పనా? రెండు, ఒకటి, మళ్ళీ రెండు! హాస్టల్లో వార్డెన్ చెప్పుల చప్పుడు వినగానే మనం గోడ మీద కొట్టుకున్నట్టే. ఇన్నేళ్ళకు అది ఇలా అక్కరకొస్తుందని అనుకున్నామా?

ఇక మంగళవారం, ఆరో తారీఖు. ఆగస్టు ఒకటి నుంచి ఏడు దాకా తల్లిపాల వారోత్సవాలు కదా, మా ఆఫీసులోనూ మీటింగ్ పెట్టారు. ఒక డాక్టరమ్మ వచ్చారు, చాలా చక్కగా మాట్లాడారు. పుట్టిన గంటలోపు పట్టాలి, ముర్రుపాలు పారబోయొద్దు, ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు అని. నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి అని తల్లిపాల బ్యాంకు ఉంది, 2017 నుంచి నడుస్తోంది, ఆమె దాని గురించి చెప్పారు. నెలలు నిండకుండా పుట్టి, తల్లి దగ్గర పాలు లేని పసికందుల కోసం వేరే తల్లులు పాలిస్తారట. ముందు ఆ తల్లికి రక్తపరీక్షలు చేస్తారు. తర్వాత పాలను 62.5 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, అప్పుడు పిల్లలకు చుక్కలు చుక్కలుగా పోస్తారు. ఆ హౌస్‌కీపింగ్ అమ్మాయి టీ ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడి వింటోంది. చేతిలో కప్పులు గలగలమంటున్నాయి. నేను అటు చూడలేకపోయాను.

ప్రశ్నలుంటే అడగండి అన్నారు. లేచాను. కాళ్ళు వణికాయి, నిజం. మన ఆఫీసులో పాలు తీసుకోవడానికి ఒక గది కావాలి, అది హౌస్‌కీపింగ్ వాళ్ళకు కూడా కావాలి అన్నాను. హెచ్‌ఆర్ సారు, "గది చూద్దామమ్మా, మంచి ఆలోచన. కానీ వాళ్ళు మన రోల్స్‌లో లేరు, ఏజెన్సీ వాళ్ళు కదా" అన్నారు. అప్పుడే, నువ్వు పచ్చ గీతలు గీసి పంపిన పేజీ ఫోన్లో తీసి చదివేశాను. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలో స్త్రీ అంటే ఎవరో రాసి ఉంది, జీతం కోసం నేరుగా గానీ ఏజెన్సీ ద్వారా గానీ పనిచేసే స్త్రీ అని. 2017లో మార్చాక యాభై మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా ఉండాలని ఉంది, మేం నూట ఎనభై మందిమి. చదివి కూర్చున్నాను. హాలంతా నిశ్శబ్దం. డాక్టరమ్మే ముందుగా, "ఆమె అడిగింది న్యాయమే, పాలు తాగే బిడ్డకు రోల్స్ తెలియవు కదండీ" అన్నారు. వెనక నుంచి చప్పట్లు. మా ఫ్లోర్‌లో పెళ్ళికాని పిల్లలే ముందు కొట్టారు బుజ్జీ!

మీటింగ్ అయ్యాక ఆ అమ్మాయి కప్పులు ఏరుకుంటూ నా దగ్గరకొచ్చింది. "మేడమ్, నేను నెలరోజులు పారవోసిన పాలు ఆ నీలోఫర్ల పిల్లలకు ఇయ్యొచ్చుండెనా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ముందు నీ బిడ్డ కడుపు నిండనీ చెల్లీ, మిగిలితే నేనే నిన్ను తీసుకెళ్తాను అన్నాను. తప్పకుండా తీసుకెళ్తాను, చూడు.

గది వచ్చిందే! మా పాత రికార్డు రూమే. ఐదేళ్ళ కిందటి వోచర్ల కట్టలు నేనే మోసి బయట పెట్టాను. గురువారం లోపల గడియ బిగించారు. చేతులున్న కుర్చీ ఒకటి, కిటికీకి తెర, మూలన చిన్న ఫ్రిజ్. తలుపు మీద "స్టాఫ్‌కు మాత్రమే" అని అంటించారు. నేను వెళ్ళి అడిగితే హెచ్‌ఆర్ సారే వచ్చి చించేశారు, ఆ మాట చెప్పుకోవాలి.

శుక్రవారం మొదటిసారి ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. ఇరవై నిమిషాలకు బయటికొచ్చి డబ్బా మూత తీసి చూపించింది, అర గ్లాసు ఉంటాయి. "నావేనా ఇన్ని?" అంది. సాయంత్రం ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య పెట్టి ఇచ్చాను. రాత్రి ఎనిమిదింటికి ఫోను. మాట్లాడింది వాళ్ళ అత్త. "పాలు ఇరిగినయ్ బిడ్డా, పైన మీగడ తేలింది" అని కంగారు. విరగలేదమ్మా, తల్లిపాలు నిలవుంటే అలాగే తేలుతుంది, గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో డబ్బా పెట్టి మెల్లగా తిప్పండి, పొయ్యి మీద పెట్టకండి అన్నాను. సీసా పక్కన పెట్టి, ఇంట్లో ఉగ్గుగిన్నె ఉంటే దానితో పోయమన్నాను. ఉందట, మొగుడు పసిపిల్లాడప్పటిదట. ఫోను పెట్టకుండానే పోసింది. నేను వింటూనే ఉన్నాను. పిల్ల చప్పరించే చప్పుడు, మధ్యలో చిన్న గుటక. మా ఊళ్ళో ఆ పూట విన్నదే.

కానీ అన్నీ అయిపోలేదే. నిన్న ఏజెన్సీ సూపర్‌వైజర్, ఆ ఇరవై నిమిషాలకూ జీతం కోస్తానన్నాడట. ఇంకోటి, కాన్పుకు ముందు ఆమె ఏడాదిన్నరగా ఇక్కడే పనిచేస్తోంది, ప్రసూతి సెలవు జీతానికి కావాల్సిన ఎనభై రోజుల పని లెక్క ఎప్పుడో దాటేసింది. అయినా పేరు తీసేసి, వచ్చాక మళ్ళీ కొత్తగా రాసుకున్నారు, సెలవు జీతం ఒక్క రూపాయి ఇవ్వలేదు. అది ఇప్పుడు అడగొచ్చా? ఎవరికి రాయాలి, ఏజెన్సీకా, కంపెనీకా, లేబర్ ఆఫీసుకా? కాగితం నువ్వే తెలుగులో రాసి పంపు, ఆమె చదువుకుని సంతకం పెట్టేలా ఉండాలి. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతోంది, బలవంతం చేయను, కానీ కాగితం చేతిలో ఉంటే... క్రెష్ సంగతి ఇంకా ఉంది, దానికి సంతకాలు మొదలుపెట్టాను, ముప్పై ఒకటి అయ్యాయి, మా

బాబు లేచాడు, అమ్మ పిలుస్తోంది. కాగితం బుధవారంలోపు పంపు.

నీ
చిన్ని