నానమ్మ ఆటలు నేర్పిస్తామని పిలిచి నానమ్మనే తాడు బయట నిలబెట్టారు

మ్యూజియం మేనేజర్ గారికి, కస్టమర్ కేర్ వాళ్లకి,

నమస్తే. పోయిన నెల, మే రెండో ఆదివారం, పదకొండు గంటల స్లాట్‌కి మేం ఐదుగురం మీ పిల్లల మ్యూజియంకి వచ్చాం. నేను, మావారు, ఐదున్నరేళ్ల బాబు, రెండున్నరేళ్ల పాప, మా అత్తమ్మ. బుకింగ్ మెసేజ్, బిల్లు, ఫోటోలు అన్నీ జత చేస్తున్నాను. ఇది నేను మీకు రాస్తున్న నాలుగో మెయిల్. మొదటి మూడింటికీ "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని ఒకటే జవాబు వచ్చింది, ఒక్క అక్షరం కూడా మారలేదు. ఈసారైనా మనిషనేవాళ్లు చదువుతారేమోనని మొత్తం మొదటి నుంచి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి, మీ గేటు దగ్గర మేమూ పట్టాం.

మేం రావడానికి కారణమే మీ ప్రకటన. సెలవుల్లో పిల్లల్ని ఫోన్ల ముందు నుంచి లేపండి, నానమ్మలూ అమ్మమ్మలూ ఆడిన ఆటలు కుటుంబమంతా కలిసి ఆడండి, తాటాకు బొమ్మలు, అష్టా చమ్మా, వామనగుంటలు అన్నీ చేతులతో ముట్టుకుని నేర్చుకోండి అని రాశారు. 'కుటుంబమంతా' అన్న మాట అందులో మూడుసార్లు ఉంది, స్క్రీన్‌షాట్ పెట్టాను, లెక్కపెట్టుకోండి. అది చూసే మావారు పనిగట్టుకుని ఊరికి పోయి అత్తమ్మని తీసుకొచ్చారు.

అత్తమ్మ గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. ఆమెది మోత్కూరు దగ్గర పల్లె, ఎటు చూసినా తాటిచెట్లే. లేత తాటాకు ఒకటి చేతికిస్తే చాలు, మనతో మాట్లాడుతూనే మడిచి ముడేసి తల చేసి, కింది ఆకుని గోటితో సన్నగా చీల్చి, పాత జాకెట్టు గుడ్డ చుట్టి పెళ్లికూతుర్ని నిలబెడతారు. ఇంకో ముక్కకి తుమ్మముల్లు గుచ్చి పంక చేస్తారు, గాలికి ఎదురు పరిగెడితే గిర్రున తిరుగుతుంది. ముంజలు తిన్నాక మిగిలిన కాయలు రెంటిని పుల్లకి గుచ్చితే బండి. ఎండాకాలం వాళ్ల వాడలో బొమ్మల పెళ్లి చేసి, మగపెళ్లివారు అలిగితే బతిమాలి, పిల్లలందరికీ పానకం పోసేవాళ్లట. ఇదంతా కారులో వస్తూ మా బాబుకి చెబుతూనే ఉన్నారు, వాడు "మ్యూజియంలో నువ్వే నేర్పుతావా నానమ్మా" అని అడిగాడు. ఆమె సిగ్గుపడి నవ్వారు. పొద్దున్నే లేచి మంచి చీర కట్టుకుని వచ్చారు మరి.

ఇక టికెట్లు. పిల్లలకి ఒక్కొక్కరికి 799, పెద్దవాళ్లకి 499. మొత్తం 3,095 అవ్వాలి. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి 3,618 చూపించింది. ఎక్కడా అని కిందకి పైకి వెతికితే, నేను అడగని స్నాక్ కాంబోలు రెండు ముందే టిక్ పెట్టి ఉన్నాయి, 298. కన్వీనియన్స్ ఫీజు టికెట్‌కి 45 చొప్పున 225. టిక్ తీసేద్దామంటే మళ్లీ మొదటి పేజీకి పోతోంది, ఈలోపు 'ఈ స్లాట్‌లో ఇంకా రెండే సీట్లు' అని ఎర్ర అక్షరాలు. సరే పోనీ అని కట్టేశాను, అది నా తప్పే. గేటు దగ్గర గ్రిప్ సాక్స్ లేనిదే లోపలికి పంపమన్నారు, జత 60, ఐదు జతలు 300. సాక్స్ సంగతి మీ సైట్‌లో ఎక్కడుందో నాకు చూపించండి, ఈ మెయిల్ వెనక్కి తీసుకుంటాను.

పదకొండు స్లాట్‌కి తలుపులు తీసింది పదకొండు ఇరవై అయిదుకి. మే నెల హైదరాబాద్ ఎండలో, నీడకి ఒక్క షామియానా కూడా లేకుండా, చంకలో పిల్లలతో ముప్పై నలభై కుటుంబాలు. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసాలు సెక్యూరిటీ దగ్గర పెట్టేయమన్నారు. పాప నీళ్ల కోసం ఏడుస్తుంటే సెక్యూరిటీ అన్నే జాలిపడి సీసా తిరిగిచ్చాడు. దయచేసి అతన్ని ఏమీ అనకండి, ఆ రోజు అక్కడ మనిషిలా ప్రవర్తించింది అతనొక్కడే.

లోపల తాటాకు బొమ్మల గదికి వెళ్లాం. గది మధ్యలో చిన్న బల్లలు, చుట్టూ తాడు. పిల్లలు తాడు లోపల, పెద్దవాళ్లు బయట. ఎందుకమ్మా అంటే, "మేడమ్, పెద్దవాళ్లది స్పెక్టేటర్ టికెట్, పార్టిసిపెంట్ టికెట్ కాదు" అన్నారు. అంటే ఐదు వందలు కట్టింది పిల్లలు ఆడుకుంటుంటే నిలబడి చూడ్డానికి. కుర్చీలు కూడా లేవు. అత్తమ్మకి మోకాళ్ల నొప్పి, గోడకి ఆనుకుని నిలబడ్డారు.

లోపల నేర్పిస్తున్న అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఫోన్‌లో వీడియో పెట్టుకుని, ఆపి ఆపి చూస్తూ, పిల్లలకి చెబుతున్నాడు. అతన్నీ తప్పు పట్టను, పొద్దున వచ్చి ఇది నేర్పమని ఉంటారు మీరు. చేతికిచ్చింది తాటాకు కూడా కాదు, ఆకుపచ్చ ఫోమ్ షీటు. దాన్ని మడిస్తే మడత నిలవదు, వదలగానే లేచిపోతుంది. పిల్లలు మడుస్తున్నారు, అది లేస్తోంది. మా బాబు తాడు దాకా వచ్చి "నానమ్మా, ఎట్లా ముడెయ్యాలి" అని అడిగాడు. అత్తమ్మ వంగి తాడు మీంచి చెయ్యి చాచారు, అంతే, ఇంకో అమ్మాయి పరిగెత్తుకొచ్చి "ఆంటీ, లైన్ దాటకూడదు" అంది. అత్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ గదిలో ఉన్న అందరిలో ఆ బొమ్మ చేయడం వచ్చిన ఒకే ఒక్క మనిషి ఆమె, పైగా టికెట్ కొనుక్కుని వచ్చింది, ఆమెని గీత దాటొద్దన్నారు. చివరికి ఆ అబ్బాయే జిగురు పెట్టి అందరి బొమ్మలూ తనే అంటించి ఇచ్చాడు. మా వాడు దాన్ని పార్కింగ్‌లోనే వదిలేశాడు.

పక్క గదిలో అష్టా చమ్మా. గవ్వలు లేవు, చింతగింజలు లేవు, లూడో పాచికలు పెట్టారు. అండీ, అష్టా అంటే ఎనిమిది, చమ్మా అంటే నాలుగు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వలు లేకపోతే చింతగింజల్ని ఒకవైపు రాతి మీద అరగదీసి తెల్లగా చేసి వాడతారు. ఆరు ముఖాల పాచిక వేస్తే అందులో అష్టా ఎక్కడిది? పేరు రాసిన బోర్డు మాత్రం గోడంత ఉంది. వామనగుంటల పీట అయితే ఇంకా విచిత్రం, పద్నాలుగు గుంటలతో పాతకాలం కర్ర పీట, ఎంత బాగుందో, అద్దాల పెట్టెలో పెట్టి 'ముట్టుకోరాదు' అని రాశారు. పక్కనే మీ పెద్ద పోస్టర్: ఇక్కడ అన్నీ ముట్టుకోవచ్చు.

ఇప్పటిదాకా రాసింది కోపంతో రాశాను. ఇది మాత్రం భయంతో రాస్తున్నాను, ఇదైనా సీరియస్‌గా చదవండి.

రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకని ఒక మూల పెట్టారు. అక్కడ కూడా తాడే, తల్లిదండ్రులు బయటే. నేను లెక్కపెట్టాను, పద్నాలుగు మంది పిల్లలకి ఒకే ఒక్క అమ్మాయి. ట్రేలలో నీళ్లు పోసి రంగురంగుల జెల్ గోళీలు వేశారు, వాటర్ బీడ్స్ అంటారు, పూలకుండీల్లో కూడా వేస్తారు చూడండి, అవి. నీళ్లు పీల్చుకుని ఎన్నో రెట్లు ఉబ్బుతాయి. చిన్నపిల్ల మింగితే కడుపులోకి పోయాక కూడా ఉబ్బి పేగుకి అడ్డం పడొచ్చు, ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు, పైగా మామూలు ఎక్స్‌రేలో సరిగా కనిపించవు. చూడ్డానికి అచ్చం జెల్లీ చాక్లెట్‌లా ఉంటాయి. రెండేళ్ల పిల్ల ఏం చేస్తుంది? మా పాప నోట్లో పెట్టుకుంది. ఆ అమ్మాయి అవతల ఇంకో బాబుకి ముక్కు తుడుస్తోంది. నేను తాడు కింది నుంచి దూరి పోయి నోట్లో వేలు పెట్టి రెండు గోళీలు తీశాను. ఇంకా ఎన్ని మింగిందో తెలియదు. అప్పుడు కూడా నాతో అన్న మొదటి మాట "మేడమ్, లోపలికి రాకూడదు".

తిన్నగా పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. రెండు మూడు రోజులు కనిపెట్టుకుని ఉండమన్నారు, వాంతులవుతాయేమో, కడుపు ఉబ్బుతుందేమో అని. ఆ మూడు రాత్రులూ నేను నిద్రపోలేదు, పాప కాస్త మెసిలినా లేచి కడుపు తడిమేదాన్ని. దేవుడి దయ, ఏం కాలేదు. మీ దగ్గర ఆ ట్రేలు ఇంకా ఉన్నాయా? ఉంటే ఈ మెయిల్ మిగతాది చదవకండి, ముందు పోయి తీసేసి రండి.

ఫిర్యాదు రాయడానికి కౌంటర్‌కి వెళ్తే పుస్తకం లేదన్నారు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నారు. స్కాన్ చేస్తే ఐదు స్టార్లు ఇవ్వమని అడిగింది.

అన్నీ చెడ్డవే అనను. నీళ్లాట గది బాగుంది. గొట్టాలు కలిపి, అడ్డుకట్టలు కట్టి నీటిని మళ్లించే చోట మా బాబు ముప్పావుగంట కదల్లేదు, అక్కడ తాడు లేదు, వాళ్ల నాన్న కూడా ప్యాంటు మడిచి దిగాడు. అంటే మీకు చేయడం రాక కాదు.

పిల్లల మ్యూజియం అంటే ఎలా ఉంటుందో మాకు తెలియదనుకోకండి. మావారి ఉద్యోగం మీద మేం రెండేళ్లు ఇండియానాపోలిస్‌లో ఉన్నాం, 1925లో మొదలైన అక్కడి పిల్లల మ్యూజియం ప్రపంచంలోనే అన్నిటికంటే పెద్దది. అక్కడ పిల్లలతో పెద్దవాళ్లు ఉండి తీరాలన్నది రూలు. ఇక్కడేమో పెద్దవాళ్లు ఉండకూడదన్నది రూలు. అంత దూరం ఎందుకు, మన సాలార్‌జంగ్‌లో గడియారం గంట కొట్టే టైముకి వెళ్లి చూడండి, బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందని తాతలూ మనవళ్లూ ఒకే చోట నోరు తెరుచుకుని ఎదురు చూస్తుంటారు. ఎవరు స్పెక్టేటరో ఎవరు పార్టిసిపెంటో అక్కడ ఎవరూ అడగరు.

నాకు కావాల్సినవి చెబుతాను. ఆ జెల్ గోళీలు తీసేశామని రాతపూర్వకంగా చెప్పాలి, చిన్నపిల్లల మూలలో తల్లో తండ్రో పక్కన కూర్చునేలా మార్చాలి. ఇది బేరం ఆడే విషయం కాదు. డబ్బు విషయానికొస్తే, పెద్దవాళ్ల మూడు టికెట్లు 1,497, పాప టికెట్ 799, నేను అడగని స్నాక్స్ 298, సైట్‌లో చెప్పని సాక్స్ 300, మొత్తం 2,894 వెనక్కి ఇవ్వండి. బాబు టికెట్ అడగను, వాడు నీళ్లలో ఆడుకున్నాడు. మీ ఫీజు 225 కూడా ఉంచుకోండి.

టికెట్ మీద 'నో రిఫండ్' అని ఉందని మీ ఏజెంట్ ఫోన్‌లో అన్నాడు. ఆ మాట రాసుకున్నంత మాత్రాన లోపమున్న సేవ సరైనదైపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల గురించీ ఉంది, అనుచిత వ్యాపార పద్ధతుల గురించీ ఉంది. కొనేవాళ్లు అడగని వస్తువుని బుట్టలో వేయడం, మొదట ఒక ధర చూపించి చివర్లో పెంచడం, ఈ రెంటినీ డార్క్ ప్యాటర్న్స్ అని 2023లో వచ్చిన కేంద్రం మార్గదర్శకాల్లో పేరు పెట్టి మరీ నిషేధించారు. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు అయితే దానికి ఫీజు కూడా లేదు. రెండు వేల ఎనిమిది వందల కోసం ఇంత చేస్తుందా అనుకోవచ్చు మీరు. చేస్తాను, నాకు సెలవులున్నాయి, స్కూల్ టీచర్‌ని.

ఇంకొక్కటి, ఇది నిన్ననే చూశాను, చూశాకే ఈ నాలుగో మెయిల్ రాయాలనిపించింది. మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో మా అత్తమ్మ ఫోటో పెట్టారు. మంచి చీరలో, ముందుకి వంగి, చెయ్యి చాచి, ఎదురుగా మా బాబు. మధ్యలో తాడు కనపడకుండా కత్తిరించారు. కింద 'మూడు తరాలు ఒకే చోట' అని రాశారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ ఫోటో ఈ రోజే తీసేయండి. తీసే ముందు అసలు ఫోటో, తాడుతో ఉన్నది, నాకు పంపండి, కమిషన్‌కి ఇవ్వడానికి పనికొస్తుంది.

ఇట్లు,
బాబు వాళ్ల అమ్మ,
కూకట్‌పల్లి