కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. రెండు సంపులూ కడిగించాం, వెనక లైనులో డ్రైనేజీ మూతలు మార్పించాం, ఇంకుడుగుంతల్లో పూడిక తీయించాం. వినాయక చవితి, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఇక మిగతాదంతా నవంబరులో మనం వెళ్లొచ్చిన జూపార్కు గురించే. కారణం జులైలో జరిగింది.

ఆ రోజు పిల్లల పార్కులో ఒక పాము కనబడింది. ఎవరో నాగుపాము అన్నారు. పది నిమిషాల్లో కర్రలతో కొట్టి చంపేశాం. నేనూ అక్కడే ఉన్నాను, ఆపలేదు. మన కాలనీలోనే ఉండే రిటైర్డ్ జువాలజీ మాస్టారు వచ్చి చూసి, అది జెర్రిపోతు అన్నారు. విషం లేదు, పడగ లేదు, ఎలుకల్ని తిని బతికే జీవి. పిల్లలంతా చూస్తూనే ఉన్నారు. పామును చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా ఆయన చెబితేనే తెలిసింది. "ఒకసారి వాటిని అద్దం అవతల నుంచి తీరిగ్గా చూద్దాం పదండి" అన్నదీ ఆయనే.

నవంబరులో ఒక ఆదివారం అద్దె బస్సులో 46 మందిమి బహదూర్‌పురా వెళ్లాం. (జూకి సోమవారం సెలవు, సొంతంగా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి.) మీరాలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో ఉన్న నెహ్రూ జూలాజికల్ పార్కును 1963లో తెరిచారు. పులుల వైపు పరిగెత్తబోయిన పిల్లల్ని ఆపి, నేరుగా పాముల దగ్గరికే తీసుకెళ్లాం.

అందరం ఎక్కువసేపు నిలబడింది రక్తపింజర ముందు. సగం మంది దాన్ని కొండచిలువ పిల్ల అనుకున్నారు. వీపు మీద గొలుసులా వరసగా కోలమచ్చలుంటే రక్తపింజర, అడ్డదిడ్డంగా అతుకులు వేసినట్టు పెద్ద మచ్చలుంటే కొండచిలువ అని మాస్టారు విడమరిచి చెప్పారు. రక్తపింజర బుస కుక్కర్ ఆవిరిలా గట్టిగా వినిపిస్తుందట. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. అది ఆసుపత్రిలోనే దొరుకుతుంది. కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలో చెయ్యో కదలనివ్వకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి.

పెనవేసుకున్న పాముల మీద కొత్తగుడ్డ వేసి దేవుడి గదిలో దాచుకుంటే కలిసొస్తుందంటారు కదా అని ఒక పెద్దావిడ అడిగారు. మాస్టారు ఎంతో మర్యాదగా చెప్పారు: "అమ్మా, జెర్రిపోతులైతే అలా పెనవేసుకునేవి రెండూ మగవే. బలం తేల్చుకుంటున్నాయి." పాములకు పాలు ఆహారం కాదని కూడా అన్నారు. తిరుగు ప్రయాణంలో, పులిహోర తింటూ, మన ఆడవాళ్లే ఒక మాట అనుకున్నారు. వచ్చే నాగుల చవితికి పుట్టకు పసుపు, కుంకుమ, పూలు. పాలు మాత్రం పిల్లలకు. నాకు ఆ రోజంతటిలో బాగా నచ్చిన మాట అదే.

కప్పలేవీ అని పిల్లలు అడిగారు. వాటి కోసం జూ దాకా రానక్కర్లేదన్నారు మాస్టారు. తొలకరి జల్లులకు మగ బోదురుకప్పలు నిమ్మపండు రంగుకు తిరుగుతాయి, గొంతు సంచులు నీలంగా ఉబ్బుతాయి. కప్ప చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది. మనం చల్లే మందు తిన్నగా దాని ఒంట్లోకే పోతుంది. అందుకే ఇంకుడుగుంతల చుట్టూ గడ్డిమందు చల్లించడం మానేశాం. లోపల పడ్డ కప్పలు పైకి ఎక్కి రావడానికి ప్రతి గుంతలో ఒక వాలు చెక్క పెట్టించాం.

కట్లపాము గురించి విన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు నొప్పి అంతగా తెలియదు కాబట్టి నిద్రలోనే ప్రాణం మీదికి వస్తుంది. మన వాచ్‌మన్ కుటుంబాలు రెండూ నేల మీదే పడుకునేవి. ఆ సంగతి ఇన్నేళ్లూ మనలో ఒక్కరికీ పట్టలేదు. డిసెంబరులో వాళ్లకు మంచాలు, అంచులు కిందికి మడిచి పెట్టుకునే దోమతెరలు కొనిచ్చాం. వాళ్ల గదుల వెనక ఉన్న ఇటుకల కుప్ప కూడా తీయించాం, ఎలుకలు అక్కడే చేరేవి.

ఫిబ్రవరిలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పాము పడగ విప్పింది. ఈసారి నిజంగా నాగుపామే. వాచ్‌మన్ అందర్నీ దూరం జరిపి, కళ్లు తిప్పకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. గేటు మీద రాయించిన, పాముల్ని చంపకుండా పట్టుకెళ్లే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ నంబరుకు ఎనిమిదో తరగతి పాప ఫోన్ చేసింది. వాళ్లు వచ్చేదాకా ఒక్కరూ కర్ర అందుకోలేదు. పట్టుకొచ్చిన సంచిలోకి అది వెళ్లిపోయాక, జులైలో కర్ర పట్టినవాళ్లలో ఒకరు నా పక్కకొచ్చి నిలబడ్డారు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

బస్సు అద్దె, భోజనాలు, మంచాలు, దోమతెరల ఖర్చు వివరాలు ఇప్పుడు కోశాధికారి గారు చదివి వినిపిస్తారు.

కార్యదర్శి