చిన్న బడికి తలల లెక్కన నిధులా?
పిల్లలు తగ్గారని సర్కారు బడికి నిధులూ తగ్గించడం అన్యాయం. సర్కారు బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్షా పథకం నిబంధనల ప్రకారం 30 మంది లోపు ఉన్న బడికి ఏడాదికి దక్కే గ్రాంటు 10 వేల రూపాయలే. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కుళాయి మరమ్మతు అన్నీ అందులోనే. మా ఊరి బడిలో మిగిలిన 22 మందీ కూలీల పిల్లలే. స్థోమత ఉన్నవారు తమ పిల్లలను ప్రైవేటు బస్సు ఎక్కించేశారు. ఐదు తరగతులకు ఒక్కరే ఉపాధ్యాయిని, ఆమె శిక్షణకు వెళ్లిన రోజు బడికి తాళమే. మూడో తరగతి పిల్లవాడు రెండంకెల తీసివేత దగ్గర తడబడితే తప్పు వాడిది కాదు. 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఆ రెండో పోస్టును వెంటనే నింపాలి. గ్రాంటును కనీసం 25 వేలకు పెంచి, బడులు తెరిచే జూన్‌లోనే పూర్తిగా విడుదల చేయాలి.