మూసిన మ్యూజియంలు, కుండీల్లో కాఫీ తోట: మీ బొగోటా టూర్‌పై ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: గత నెలలో జరిగిన ‘బొగోటా కాఫీ అండ్ కల్చర్’ 5 రోజుల గ్రూప్ టూర్. డబ్బు వాపసు, ప్రోగ్రామ్ సవరణ గురించి.

నమస్కారం.

మీ బ్రోచర్ తెలుగులో ఉంది. అడ్వాన్స్ కట్టమని వచ్చిన ఆరు ఫోన్లూ తెలుగులోనే వచ్చాయి. అందుకని ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. మీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు రాసే పెట్టెలో 500 అక్షరాలకు మించి పట్టలేదు. నేను చెప్పాల్సింది అంతకంటే ఎక్కువ ఉంది కాబట్టి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

నేనూ మా ఆవిడా విశాఖలో చిన్న కాఫీ షాపు నడుపుతున్నాం. అరకు, పాడేరు వైపు నుంచి గింజలు తెచ్చి మేమే వేయించుకుంటాం. ఇరవై రెండేళ్లలో ఇద్దరం కలిసి షాపు మూసి ఊరు దాటడం ఇది రెండోసారి. కొలంబియా వాళ్ల కాఫీ వాళ్ల రాజధాని బొగోటాలోనే తాగి చూడాలని ఎప్పటి నుంచో ఉంది. మీ బ్రోచర్‌లో ‘స్పెషాల్టీ కాఫీ వాక్’, ‘తోటలో కప్పింగ్’ (అంటే గింజల రుచి పోల్చి చూడటం) అన్న మాటలు చూసి తలకు 3,10,000 రూపాయలు కట్టాం. టెంపుల్ టూర్లు వేసే కంపెనీ కాఫీ టూర్ కూడా వేసిందంటే ఎవరో తెలిసినవాళ్లే ప్లాన్ చేసి ఉంటారనుకున్నాం. నా తప్పు అదొక్కటే.

శనివారం రాత్రి దిగాం. ఆదివారం ఉదయం 9 గంటలకు హోటల్ గుమ్మంలో బస్సు అని ప్రోగ్రామ్‌లో ఉంది. హోటల్ ఉన్నది కరేరా సెప్తిమా మీద, అంటే ఏడో రోడ్డు. బొగోటాలో ప్రతి ఆదివారం ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఆ రోడ్డు మీదకు కార్లను, బస్సులను రానివ్వరు. నూరు కిలోమీటర్ల పైచిలుకు రోడ్లు సైకిళ్లకు, నడిచేవాళ్లకు వదిలేస్తారు. దాన్ని సిక్లోవియా అంటారు, 1974 నుంచి జరుగుతోంది. యాభై ఏళ్లుగా ప్రతి వారం జరిగే పని మీ ప్లానింగ్ టీమ్‌కు తెలియలేదు. పద్నాలుగు మందిమి గంటా ఇరవై నిమిషాలు గుమ్మంలో నిలబడి, ఆ తర్వాత బస్సు ఆగిన చోటికి పదకొండు వీధులు నడిచాం. నడక నాకు నచ్చిందనే చెప్పాలి. పిల్లలు స్కేటింగ్ చేస్తున్నారు, ఒకాయన బండి మీద పచ్చి మామిడి ముక్కలకు ఉప్పు, నిమ్మరసం పట్టించి అమ్ముతున్నాడు. మా ఆవిడ రెండు కప్పులు తింది. కానీ గుంటూరు నుంచి వచ్చిన మాస్టారికి మోకాళ్ల నొప్పులు. ఆయనకు ఆ పదకొండు వీధులూ పదకొండు మైళ్లయ్యాయి.

అదే రోజు మధ్యాహ్నం మమ్మల్ని మోన్సెరాటే కొండ ఎక్కించారు. బొగోటా నగరమే సముద్ర మట్టానికి 2,640 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ కొండ 3,152 మీటర్లు. సముద్రం ఒడ్డున బతికేవాళ్లను, దిగి ఒక్కరోజు కాకుండానే కేబుల్ కారులో అంత పైకి తీసుకెళ్లారు. నెమ్మదిగా నడవండి, నీళ్లు బాగా తాగండి అని ముందు ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. మాస్టారి భార్యకు తలనొప్పి, వాంతులు. బస్సులో ఏసీ పడలేదేమో అన్నాడు మీ టూర్ లీడర్. హోటల్ వంటావిడ ఆమె వంక చూసి, ఏమీ అడక్కుండానే వేడి నీళ్లలో బెల్లం కరిగించి నిమ్మకాయ పిండి ఇచ్చింది. అక్కడ బెల్లాన్ని పనేలా అంటారు. అదే రంగు, అదే వాసన, అచ్చులో పోసిన అదే దిమ్మ. అమ్మగారు ఆ గ్లాసు పట్టుకుని “మా ఊరి బెల్లమే కదండీ ఇది” అన్నారు. మీరు అమ్మిన అయిదు రోజుల్లో ఆవిడకు నచ్చినది ఆ గ్లాసొక్కటే. అది మీ ప్యాకేజీలో లేదు.

సోమవారం గోల్డ్ మ్యూజియం. సోమవారం దానికి సెలవు. తలుపులు మూసి ఉన్నాయి.

మంగళవారం బోటెరో మ్యూజియం. మంగళవారం దానికి సెలవు. తలుపులు మూసి ఉన్నాయి.

ఇవి రెండూ ఎక్కడో దాచిన రహస్యాలు కావు, ఆ మ్యూజియంల వెబ్‌సైట్లలోనే ఉన్నాయి. ఈ రెంటినీ అటూ ఇటూ మార్చి ఉంటే సరిపోయేది. సోమవారం బోటెరో, మంగళవారం గోల్డ్. రూపాయి ఖర్చు లేని పని. మీ బ్రోచర్ అట్ట మీద అచ్చు వేసిన బంగారు తెప్ప బొమ్మ ఉన్నది ఆ గోల్డ్ మ్యూజియంలోనే. ఏ వస్తువును చూపించి టూర్ అమ్మారో, ఆ వస్తువు కనపడని రోజు చూసి మరీ తీసుకెళ్లారు.

ఇంకొకటి. మీ బిల్లులో ‘బోటెరో మ్యూజియం ప్రవేశ టికెట్, తలకు 1,400’ అని వేశారు. బోటెరో మ్యూజియంకు టికెట్ లేదు. అందరికీ ఉచితం. కొలంబియా చిత్రకారుడు ఫెర్నాండో బోటెరో తను వేసిన 123 కళాకృతులు, తను సేకరించిన పికాసో, మోనే లాంటివాళ్లవి మరో 85 కలిపి మొత్తం 208 ఇస్తే 2000లో ఆ మ్యూజియం తెరిచారు. ఆయన జనానికి ఊరికే ఇచ్చినదాన్ని మీరు 1,400 చొప్పున పద్నాలుగు మందికి అమ్మారు, అదీ మూసి ఉన్న రోజున.

ఇక కాఫీ సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

సోమవారం మధ్యాహ్నం ‘స్పెషాల్టీ కాఫీ వాక్’. ప్రోగ్రామ్ కాగితంలో మొదటి ఐటమ్ ఇలా ఉంది: ‘టింటో టేస్టింగ్: స్థానిక రెడ్ వైన్ రుచి చూడటం.’ అది చదివి మాస్టారు బస్సు దిగలేదు. జీవితంలో మందు ముట్టని మనిషి. “మీరు వెళ్లి రండి, నేను పేపరు చదువుకుంటా” అన్నారు. తీరా లోపలికి వెళ్తే చిన్న కప్పులో బ్లాక్ కాఫీ ఇచ్చారు. స్పెయిన్‌లో టింటో అంటే రెడ్ వైన్. కొలంబియాలో టింటో అంటే పాలు లేని కాఫీ. అక్కడ రోడ్ల మీద ఫ్లాస్కులు పెట్టుకుని అమ్మేది అదే, మన ఊళ్లో సైకిల్ మీద టీ అమ్మినట్టు. మీరు మీ స్పెయిన్ టూర్ కాగితంలో ఊరి పేరు మార్చి మాకు ఇచ్చారని అప్పుడు అర్థమైంది. రోజుకు నాలుగు కాఫీలు తాగే మాస్టారు కాఫీ షాపు బయట బస్సులో గంట సేపు కాఫీ లేకుండా కూర్చున్నారు. తర్వాత సంగతి తెలిసి ఆయన నవ్వారు గానీ, నాకు నవ్వు రాలేదు.

ఆ వాక్‌లో మూడు చోట్లకు తీసుకెళ్లారు. ఒకటి ఇంకో హోటల్ లాబీ. రెండోది మాల్‌లో ఎస్కలేటర్ పక్కన కౌంటర్. మూడోది కీ చైన్లు, టోపీలు, పచ్చలు పొదిగిన ఉంగరాలు అమ్మే కొట్టు. అక్కడ కాఫీ పొడి ప్యాకెట్టు మీద చిలుక బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఏ ఊరి గింజ, ఏ రకం, ఎప్పుడు వేయించారు, ఏదీ లేదు. ఒక ప్యాకెట్టు విప్పించి చూశాను. గింజలు బొగ్గులా నల్లగా, పైన నూనె కక్కి నిగనిగలాడుతున్నాయి. అంత మాడిస్తే అరకుదైనా ఒకటే, కొలంబియాదైనా ఒకటే. ఆ పనిలో ఉన్నవాణ్ని, చెప్తున్నాను. స్పెషాల్టీ అన్నది బోర్డు మీద రాసుకునే ముద్దు పేరు కాదు. రుచి చూసేవాళ్లు నూటికి 80 మార్కులో ఆపైనో వేస్తేనే ఆ మాట వాడతారు.

బుధవారం కాఫీ తోట. ‘హోటల్ నుంచి అరగంటలో కాఫీ ఎస్టేట్, తోటలో బ్రేక్‌ఫాస్ట్, కప్పింగ్’ అని ఉంది. తలకు 6,500. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అరాబికా రకం కాఫీ చెట్టుకు చల్లదనం కావాలి గానీ మరీ చలి పనికిరాదు. మా అరకులో అది వెయ్యి మీటర్ల అటూ ఇటూ సిల్వర్ ఓక్ నీడలో పెరుగుతుంది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి కొలంబియాలో రెండు వేల మీటర్ల దాకా కూడా వేస్తారు. 2,600 మీటర్ల మైదానంలో వేయరు. బొగోటా చుట్టూ ఉండేవి ప్లాస్టిక్ షెడ్లలో పెంచే గులాబీలు, కార్నేషన్లు. కాఫీ చెట్టు చూడాలంటే కొండ దిగి ఫుసగసుగా వైపో, లా మెసా వైపో వెళ్లాలి, అది అరగంట ప్రయాణం కాదు.

అరగంటలో బస్సు ఒక రెస్టారెంట్ ముందు ఆగింది. వెనక ప్లాస్టిక్ కప్పు వేసిన షెడ్డు. అందులో తొమ్మిది కుండీలు, ఒక్కో కుండీలో ఒక్కో కాఫీ మొక్క. నా మోకాలి ఎత్తున్నాయి. ఒక్కదానికీ పండు లేదు. మా ఆవిడ ఒక కుండీ ఎత్తి అడుగు చూసింది. నర్సరీ వాళ్ల ధర స్టిక్కర్ ఇంకా ఉంది.

కప్పింగ్ అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తాను. బరక పొడి మీద వేడి నీళ్లు పోసి నాలుగు నిమిషాలు ఆగాలి. పైన కట్టిన తెట్టును చెంచాతో విరుస్తూ ముక్కు దగ్గర పెట్టి వాసన చూడాలి. చల్లారుతుండగా చెంచాతో జుర్రుమని పీల్చాలి. ఒక గింజకూ ఇంకో గింజకూ తేడా అప్పుడు తెలుస్తుంది. మాకు ఫ్లాస్కులోంచి దాల్చిన చెక్క వేసిన చక్కెర కాఫీ పోసి, తాగాక “సో, హౌ వాజ్ ది కప్పింగ్?” అన్నారు.

ఆ సాయంత్రం వాన. మీరు ‘ఫ్రీ టైమ్’ అని రాసినందుకు ధన్యవాదాలు, దాని వల్లే నాలుగు మంచి గంటలు దొరికాయి. రిసెప్షన్ అమ్మాయిని మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగితే కింటా కమాచో అనే పేటకు వెళ్లమంది. ఎర్ర ఇటుకల పాత ఇళ్లు, ఏటవాలు కప్పులు, ఆ ఇళ్లలోనే కాఫీ షాపులు. మేం వెళ్లిన చోట ఆరు టేబుళ్లున్నాయి. కౌంటర్ వెనక అమ్మాయి పొడి తూకం వేసింది, 15 గ్రాములు. కెటిల్ కుతకుత ఉడుకుతుండగానే తీసి పోసేసింది. నేను చెయ్యి అడ్డం పెట్టబోయాను. మా షాపులో నీళ్లు మరిగాక కాసేపు ఆగి పోస్తాం, లేకపోతే చేదెక్కుతుంది. ఆ అమ్మాయి నవ్వి కెటిల్ థర్మామీటర్ చూపించింది. 91. ఆ ఎత్తులో నీళ్లు మరిగేదే అక్కడ. వాళ్లకు ఆగే పనే లేదు. ఇరవై రెండేళ్లుగా కాఫీ కాస్తున్నాను, ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

నరీఞో జిల్లా గింజ అది. ప్యాకెట్టు మీద రైతు పేరు, తోట ఎత్తు, గింజ రకం, కడిగి ఆరబెట్టిన పద్ధతి, వేయించిన తేదీ ఉన్నాయి. మొదటి గుక్కలో కమలా తొక్క పులుపు. చల్లారేకొద్దీ తాటి బెల్లం. మా ఆవిడ పాలు అడగలేదు, చక్కెర అడగలేదు. నాకు తెలిసి అది మొదటిసారి.

గురువారం మీరు మళ్లీ పచ్చల కొట్టుకు తీసుకెళ్తుంటే మేమిద్దరం, మాస్టారి దంపతులు బస్సు ఎక్కకుండా టాక్సీలో వెళ్లాం. గోల్డ్ మ్యూజియం తెరిచి ఉంది, గురువారం కదా. బంగారు తెప్ప జానెడు కూడా లేదు, 19.5 సెంటీమీటర్లు. మధ్యలో మూయిస్కా (అక్కడి పాత ఆదివాసీ తెగ) దొర, చుట్టూ చిన్న చిన్న మనుషులు, దారం లాంటి బంగారు తీగ. 1969లో పాస్కా దగ్గర ఒక గుహలో దొరికిందట. మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి పట్టించి, మైనం కరిగించి లోహం పోశారు. మన ఆదిలాబాద్‌లో ఓజాలు డోక్రా బొమ్మలు పోసేదీ అలాగే. మాస్టారు దాని ముందు అరగంట నిలబడ్డారు, మోకాళ్ల మాట ఎత్తలేదు. అక్కణ్నుంచి పాత బస్తీ లా కాండెలారియాలోకి నడిచి బోటెరో చూశాం. లావుపాటి మోనాలిసాను చూసి అమ్మగారు “మా వదినలా ఉంది” అన్నారు. టికెట్ ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చాక మీకు ఈమెయిల్ పెడితే, ‘మీ ఫీడ్‌బ్యాక్‌కు థాంక్స్’ అంటూ తర్వాతి టూర్‌కు పది శాతం కూపన్ పంపారు. అది నాకు వద్దు. కావాల్సింది ఇది. బోటెరో టికెట్ పేరుతో తీసుకున్న 2,800, తోట పేరుతో తీసుకున్న 13,000, కాఫీ వాక్ పేరుతో విడిగా వేసిన 18,000. ఇద్దరికీ కలిపి 33,800 రూపాయలు. మ్యూజియంలకు మేం పెట్టుకున్న టాక్సీ ఖర్చు అడగడం లేదు, అది నా సంతోషం కోసం పెట్టుకున్నది. మాస్టారు విడిగా రాస్తారు, ఆయన దస్తూరి నాకంటే బాగుంటుంది.

రెండోది, మీ తర్వాతి బ్యాచ్ వచ్చే నెలలో అని వెబ్‌సైట్‌లో ఉంది. నిన్న చూశాను, ఇప్పటికీ సోమవారం గోల్డ్ మ్యూజియం, మంగళవారం బోటెరో అనే ఉంది. వాళ్లు బయల్దేరే లోపు ఆ రెండు లైన్లు మార్చండి. ‘ఎస్టేట్’ అన్న మాట తీసేయండి, లేదా పూర్తి రోజు కేటాయించి నిజమైన తోటకు తీసుకెళ్లండి. మోన్సెరాటేను చివరి రోజుకు జరపండి. ఇవి చేస్తే మీ ఖర్చు పెరిగేది ఒక్క తోట విషయంలోనే.

టూర్ లీడర్ కుర్రాడి మీద ఈ లేఖ వంకతో చర్య తీసుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. అతనికీ బొగోటా మొదటిసారే, మీరిచ్చిన అదే కాగితం పట్టుకుని తిరిగాడు. అమ్మగారి మాత్రలకు తన జేబులోంచే డబ్బిచ్చాడు. అది అతనికి తిరిగి ఇచ్చారో లేదో కనుక్కోండి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ఫోన్ చేయొద్దు, షాపులో రద్దీగా ఉంటుంది.

ఇట్లు,
మీ బస్సులో 11, 12 సీట్ల ప్రయాణికులు

జత చేసినవి: బిల్లు నకలు, ప్రోగ్రామ్ కాగితం (‘రెడ్ వైన్’ దగ్గర గీత గీశాను), మూసిన తలుపుల ఫొటోలు రెండు, కుండీ అడుగున ధర స్టిక్కర్ ఫొటో ఒకటి.