నవ్వాక పుస్తకం మూసేయకండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలకు జాతీయాలు నేర్పడానికి నవ్వు పుట్టించే బొమ్మల పుస్తకాన్ని మించింది లేదు. అయితే తరగతిలో ఆ పుస్తకం చదివి, పిల్లలు పడీ పడీ నవ్వాక మూసేస్తే, వాళ్లకు మిగిలేది బొమ్మే, జాతీయం కాదు. ప్రాథమిక తరగతులకు తెలుగు చెప్పేవాళ్లం, పిల్లల కోసం రాసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

‘నీళ్లు నమలడం’ సంగతే చూడండి. పుస్తకంలో ఒక పిల్లవాడు బుగ్గలు ఉబ్బించుకుని గ్లాసులో నీళ్లు కసకసా నములుతుంటాడు. నీళ్లను ఎవరైనా నములుతారా అని పిల్లలు నవ్వుతారు. వారం ఆగి, నీళ్లు నమిలాడంటే ఏమిటని అడిగి చూడండి. ‘నీళ్లు మింగకుండా నోట్లో పెట్టుకున్నాడు’ అంటారు. అసలు అర్థం బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉండిపోయింది. కంటికి ఆనింది నమలడం ఒక్కటే. అందుకే ప్రతి జాతీయానికీ ఎదురెదురు పేజీల్లో రెండు బొమ్మలు కావాలి. ఎడమవైపు వాడు నీళ్లు నములుతుంటాడు. కుడివైపు అదే పిల్లవాడు, అదే చొక్కాతో, టీచర్ ముందు నిలబడి ఉంటాడు. వెనక కిటికీ అద్దం పగిలి ఉంటుంది. నోరు కదులుతోంది, మాట రావడం లేదు. రెండు బొమ్మల్లోనూ ఒకేలా ఉన్నదేమిటని అడిగితే చాలు. ‘నోరు ఆడుతోంది గానీ బయటికి ఏమీ రావట్లేదు’ అని ఎవరో ఒకరు అనేస్తారు. అర్థాన్ని పిల్లలు తమంతట తామే పట్టుకునే క్షణం అది. దానికి ముందే మనం అర్థం చెప్పేస్తే ఆ అవకాశం పోతుంది.

అన్ని జాతీయాలకూ ఇలాంటి వంతెన దొరకదు. చెవులు కొరుక్కోవడం, కాళ్లకు బుద్ధి చెప్పడం వంటివాటిలో మాటకూ అర్థానికీ మధ్య దారి కొంచెం కనబడుతుంది. గుసగుసలాడేవాళ్ల నోరు నిజంగానే చెవి దగ్గర ఉంటుంది కదా. దీపం కొండెక్కడం, చెవిలో పువ్వు పెట్టడం అలా కాదు. బొమ్మ ఎంతసేపు చూసినా దీపం ఆరిపోయిందని గానీ, ఎవరో మోసం చేస్తున్నారని గానీ తట్టదు. వీటిని కథ నడకలోనే చెప్పాలి, అదీ తర్వాతి దశలో. ఆరేడేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువమంది మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటారు కాబట్టి మూడో తరగతి నుంచి మొదలుపెట్టి, శరీర భాగాలున్న జాతీయాలతో ముందుకు వెళ్లడం మేలు. పుస్తకంలో ఎన్ని జాతీయాలున్నా వారానికి రెండు చాలు. ఒకే పూట పది చదివితే అన్నీ కలిసిపోయి, చివరికి పిల్లలు తెల్లముఖం వేస్తారు.

తరగతిలో పని మూడు రోజులు సాగాలి. మొదటి రోజు పైకి చదివి, పేజీ తిప్పే ముందు ఆగి, ‘ఇప్పుడు వీడు నిజంగా ఏం చేశాడంటారు?’ అని అడగాలి. తప్పు జవాబులు వచ్చినా అడ్డుకోవద్దు, నవ్వు పుట్టేది వాటిలోనే. రెండో రోజు ఇద్దరిని లేపి ఆ సన్నివేశాన్ని రెండు మూడు మాటల్లో ఆడించాలి. మూడో రోజు పుస్తకం తీయకుండా కొత్త సందర్భం చెప్పి, ఇక్కడ ఏ జాతీయం పడుతుందో అడగాలి. తర్వాత నెల రోజుల్లో ఆ జాతీయం మరికొన్నిసార్లు వేర్వేరు చోట్ల పిల్లల చెవిన పడితే గానీ నాలుకకు ఎక్కదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఈ వరస తిప్పాలి: ముందు అర్థం సూటిగా చెప్పి, తర్వాత తమాషా బొమ్మ చూపాలి. లేకపోతే నవ్వే తరగతిలో వాళ్లు ఒంటరవుతారు.

ఎక్కువ తప్పులు దొర్లేది సొంత వాక్యాల దగ్గర. ‘కాళ్లకు బుద్ధి చెప్పడం అంటే పరుగెత్తడం’ అని చెబితే, ‘పరుగు పందెంలో కాళ్లకు బుద్ధి చెప్పి మొదటి బహుమతి తెచ్చుకున్నాను’ అని రాస్తారు. తప్పు పిల్లలది కాదు, అర్థం చెప్పిన తీరుది. అది పరుగెత్తడం కాదు, భయపడి పారిపోవడం. ఇంకొకరు ‘తమ్ముడు అల్లరి చేస్తే వాడి కాళ్లకు బుద్ధి చెప్పాను’ అని రాస్తారు. బుద్ధి చెప్పడమంటే మందలించడమని అప్పటికే తెలుసు కాబట్టి తమ్ముడి కాళ్ల మీద రెండు వేశారన్న మాట! ఆ కాళ్లు ఎప్పుడూ పారిపోయేవాడివే అయి ఉండాలని బొమ్మ ఎదురుగా పెట్టుకునే చెప్పాలి. అలాగే చెవులు కొరుక్కోవడానికి కనీసం ఇద్దరు కావాలి. ‘నేను చెవులు కొరుక్కున్నాను’ అనే వాక్యం నిలవదు. ‘పప్పులో కాలేశాడు’ అనాలి గానీ ‘పప్పులో చెయ్యేశాడు’ అంటే అది జాతీయమే కాదు. అందుకని అర్థంతో పాటు వాక్యపు చట్రం కూడా ఇవ్వాలి: ‘ఫలానాదాన్ని చూసి ఫలానావాడు కాళ్లకు బుద్ధి చెప్పాడు.’ ఖాళీల్లో పిల్లలు పేర్లు పెట్టుకుంటారు.

ఎవరు ఎవరితో అనవచ్చో కూడా ఇక్కడే చెప్పాలి. ‘నా బుర్ర తినకు’ అని స్నేహితుడితో అనవచ్చు, అమ్మమ్మతో అనకూడదు. ‘గుడ్డిలో మెల్ల’ లాగా అంగవైకల్యాన్ని వేళాకోళం చేసేవి పాతవి కొన్ని ఉన్నాయి. నవ్వించే పుస్తకంలో వాటికి చోటివ్వకూడదని మా గట్టి అభిప్రాయం.

బొమ్మలు వేసేవారికి ఒక మాట. చెవిలో పువ్వు పెట్టడాన్ని గీసేటప్పుడు పువ్వును చెవి మీద పెట్టండి, రంధ్రంలో దూర్చకండి. చిన్నపిల్లలు చూసింది చేసేస్తారు. కళ్లలో కారం కొట్టడాన్నైతే గీయకపోవడమే మంచిది.

అనువాద పుస్తకాల్లో ఇంకో చిక్కుంది. మాటలు తెలుగు చేస్తారు, బొమ్మలు అలాగే ఉంచేస్తారు. ఇంగ్లిష్‌లో జోరువానను పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయని అంటారు. ఆకాశం నుంచి అవి రాలుతున్న ఆ బొమ్మ కింద ‘కుండపోత వాన’ అని రాస్తే నవ్వు రాదు, ‘పిల్లులూ కుక్కలూ కురిశాయి’ అంటే తెలుగు కాదు. మబ్బుల్లోంచి ఎవరో కుండలు వంచుతున్న బొమ్మ కొత్తగా గీయించాల్సిందే. ఖర్చు అవుతుంది, నిజమే. కానీ జాతీయాల పుస్తకంలో మాటకూ బొమ్మకూ ముడి తెగితే ఇక ఆ పేజీ ఉండి ప్రయోజనం లేదు.

పరీక్షల్లో ‘సొంత వాక్యంలో ప్రయోగించండి’ అన్న ప్రశ్నకు ‘రాము నీళ్లు నమిలాడు’ అని రాసినా మార్కు పడుతోంది. ఆ పిల్లవాడికి అర్థం తెలుసో లేదో ఆ వాక్యంతో తేలదు. రెండు వాక్యాలు అడగాలి. ‘అద్దం ఎవరు పగలగొట్టారని టీచర్ అడిగారు. రాము నీళ్లు నమిలాడు.’ మొదటి వాక్యం ఉంటేనే రెండోదానికి మార్కు ఇవ్వాలి.

పత్రికల పిల్లల పేజీల్లో పది జాతీయాలూ వాటి అర్థాలూ వరసగా పట్టికలా ఇచ్చే బదులు, వారానికి ఒక్క జాతీయాన్ని తీసుకుని, ఎదురెదురుగా రెండు బొమ్మలు, నాలుగు వాక్యాలు వేయండి. నాలుగో వాక్యం ఆ జాతీయాన్ని తప్పుగా వాడినదై ఉండాలి, తప్పు పట్టుకోవడం పిల్లలకు ఆటలా ఉంటుంది. బొమ్మలు వీలైనంత పెద్దవైతే, కత్తిరించి గోడకు అంటించినప్పుడు వెనక వరసలో కూర్చున్నవాళ్లకూ కనిపిస్తాయి.

ఇట్లు,
కొందరు ప్రాథమిక తరగతుల తెలుగు ఉపాధ్యాయులు, బాలల రచయితలు